చెక్క చప్పుడుకు దిగిరాని పావురం

పొద్దున సరిగ్గా ఆరు గంటలకు యోవాను తాత చెక్కపలకను సుత్తితో కొట్టాడు. టక్, టక్, టక్! కొండగోడ గూళ్లలోంచి వేల పావురాలు గింజల కోసం దిగాయి.

ఇదెక్కడంటారా? ఒకానొక కాలంలో ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. ఆయన రాజ్యానికి ఏడు సముద్రాల అవతల, కొండను తొలిచి క్రైస్తవ సన్యాసులు మలిచిన మఠం అది. యోవాను తాత దానికి పెద్ద.

ఆ ఉదయమే చిన్న రాజకుమారుడు నీలకేతుడు అక్కడికి చేరాడు. గుమ్మంలో కొండమేక అడ్డం నిలిచింది.

"ఏం బాబూ, నువ్వూ స్తంభమవుదామనే వచ్చావా? లోపల చోటు లేదు!"

"మా అన్నలు లేకుండా ఇంటికి వెళ్లను."

"అయితే విను. తనతో పెళ్లికి ఒప్పుకోలేదని మాంత్రికుడు కరాళుడు ఈ దేశపు రాకుమారి ఎలీనాను రాతిస్తంభం చేశాడు. వాడి ప్రాణం ఈ పావురాల్లో ఒకదానిలో ఉంది. మీ పెద్దన్న అందమైనదాన్ని పట్టాడు, స్తంభమయ్యాడు. రెండో అన్న బలమైనదాన్ని పట్టాడు, స్తంభమయ్యాడు."

"ఆ మాంత్రికుడు తన పావురానికి ఏం పెడతాడు?"

"దానిమ్మ గింజలు. రోజూ తన చేత్తోనే."

నీలకేతుడు ఏ పావురాన్నీ ముట్టుకోలేదు. మర్నాడు పొద్దుటిదాకా ఆగాడు. టక్, టక్, టక్! గూళ్లన్నీ ఖాళీ అయ్యాయి. అన్నిటికన్నా పైగూట్లో ఒక్క పావురం మాత్రం కదలకుండా కూర్చుంది. దానికి ఆ చప్పుడు తిండి పిలుపని తెలియదు!

"నా వీపెక్కు!" అంది మేక. ఒక్క దూకు, రెండు దూకులు, మూడో దూకుకు పావురం చేతిలో ఉంది!

కొండ అదిరేలా కరాళుడు వచ్చిపడ్డాడు. "వదలరా దాన్ని!"

"ముందు వాళ్లను వదులు!" నీలకేతుడు పావురం మెడ పట్టుకున్నాడు. మాంత్రికుడికి ఊపిరాడలేదు. మంత్రదండం విరిచేశాడు. మూడు స్తంభాలూ పగిలి ఇద్దరు అన్నలు, ఎలీనా బయటికొచ్చారు!

నీలకేతుడి పట్టు ఇంకా సడలలేదు. యోవాను తాత చెయ్యి చాపాడు. "నాయనా, ఈ మందిరంలో నెత్తురు పడకూడదు. ఇటివ్వు."

నీలకేతుడు ఇచ్చాడు. తాత దాన్ని తిరిగి గూట్లో వదిలాడు.

ఎలీనా మనసు నీలకేతుడికే ఇచ్చింది. పెళ్లి ఆ రాతి మందిరంలోనే జరిగింది. వాళ్లు తల నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు.

పెళ్లయిన కొన్నాళ్లకే మేక ఒక కబురు తెచ్చింది. మంత్రదండం పోయిన కరాళుడు పైగూటికి చేరలేకపోయాడట. ఆకలేసిన ఆ పావురం చెక్క చప్పుడు నేర్చుకుని మందలో కలిసిపోయిందట. ఏది తనదో కరాళుడికే తెలియడం లేదట. అందుకని పొద్దున్నే సుత్తి తనే అందుకుని, అన్ని పావురాలకూ గింజలు చల్లుతున్నాడట.