ఊరూ పేరూ మార్చిన నవల

"పేర్లన్నీ మార్చేశాను. ఊరు మార్చాను. గోదావరిని తీసేసి రైలుకట్ట పెట్టాను. ఇక అచ్చుకివ్వడానికి అభ్యంతరం ఏముంటుందండీ?" అని భ్రమరాంబ అడిగినప్పుడు సోమయాజులు గారు వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పిన మనిషి కాదు. నవల రాయడం నేర్చుకుందామని సామర్లకోటలో ఆయన ఇంటికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ విసుక్కునేవాళ్ళు.

భ్రమరాంబ తొందరకు కారణం లేకపోలేదు. ఒక వారపత్రిక పెట్టిన పోటీలో ఆమె మొదటి నవల ఎంపికైంది. సరేనని ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు, ఉగాది సంచిక నుంచి సీరియల్‌గా వేస్తామన్నారు. నలభయ్యో ఏట పడుతూ, ఇన్సూరెన్సు ఆఫీసులో ఫైళ్ళ మధ్య దొంగచాటుగా రాసుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు. అయినా ఆ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకంటే ఆ నవల ఆమె పెద్దమ్మ తాయారమ్మ కథ.

యాభై ఏళ్ళ కిందట తాయారమ్మ ఐదు నెలల పసిబిడ్డను ఉయ్యాల్లో వదిలి ఇల్లు దాటింది. పదకొండు నెలల తరవాత తిరిగి వచ్చింది. ఎక్కడికి వెళ్ళిందో, ఎందుకు వెళ్ళిందో ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. తల్లి పోయాక భ్రమరాంబను తెచ్చుకుని, తలంటి, అన్నం పెట్టి, చదివించి మనిషిని చేసింది ఆ తాయారమ్మే. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకటే ఇల్లు, పక్కపక్క మంచాలు. వెళ్ళిన కారణాన్ని మాత్రం భ్రమరాంబ చెవిలో వేసింది తాయారమ్మ ఆడపడుచు. ఎవడో నాటకాల కంపెనీ హార్మోనిస్టుట. ఆ ఆడపడుచుకూ పెద్దమ్మకూ ఏనాడూ పడదని భ్రమరాంబకు తెలుసు. కానీ హార్మోనిస్టు నవలలో భలేగా అమిరాడు, వాడిని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు. పెద్దమ్మనే ఒక్కమాట అడిగి ఉండవచ్చు. అడగలేదు.

"నీ రాతలో తనను తాను గుర్తుపడుతుందంటావా?" అన్నారు సోమయాజులు గారు చాలాసేపటికి.

గుర్తుపట్టే ప్రసక్తే లేదంది భ్రమరాంబ. ఆ మాటలో భయం కంటే పనితనం మీద గర్వమే ఎక్కువ వినిపించింది. అయితే బుధవారం మా ఇంట్లో అప్పడాలు, మీ పెద్దమ్మగారిని కూడా ఓ చెయ్యి వెయ్యడానికి తీసుకురమ్మన్నారు ఆయన.

అప్పడాలంటే ఆ ఇంట్లో సాహిత్యమే. సోమయాజులు గారు ఏ రాతప్రతినీ ఒంటరిగా చదవరు. ఆయన భార్య సుభద్రమ్మ గారు ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పోగుచేసి వసారాలో అప్పడాలు ఒత్తిస్తుంటే, ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, రైల్వే స్టేషనులో బండి రాకపోకలు చెప్పే గొంతుతో పైకి చదువుతారు. రాసింది ఎవరో చెప్పరు. రాసినవాళ్ళు కూడా నోరు మూసుకుని అప్పడాల కర్ర పట్టాలి. పనిలో పడి అడ్డంగా విన్నవాళ్ళ నోటే నిలువుగా నిజం వస్తుందని ఆయన నమ్మకం. పద్ధతి మంచిదే కావచ్చు గానీ, ఆ బుధవారం ఆయన కూడా ఒక పొరపాటు చేశారనే నేనంటాను. తాయారమ్మ గుర్తుపడితే కోప్పడుతుందనీ, నాలుగు చీవాట్లు పెడుతుందనీ, దానితో శిష్యురాలి ప్రశ్న తేలిపోతుందనీ ఆయన అనుకున్నారు. మనుషులు అంత తేలిగ్గా కోప్పడరని అంత వయసు వచ్చిన మనిషికి తట్టకపోవడం ఆశ్చర్యమే.

మాఘమాసపు ఎండ వసారా అంచుదాకా వచ్చింది. దంచిన మినప్పిండిని సుభద్రమ్మ గారు తాడులా సాగదీసి, దారంతో ఉండలు కోసి అందరి ముందూ పెట్టారు. తాయారమ్మ కొంగు దోపుకుని, పీటకు నూనె రాసి కూర్చుంది. డెబ్భై దాటినా చెయ్యి చురుకు. నాలుగు తిప్పులు తిప్పితే అప్పడం చంద్రబింబంలా వచ్చేది. చూసినవాళ్ళు మెచ్చుకుంటే ఆవిడ సంతోషపడింది, భ్రమరాంబ వైపు తిరిగి నవ్వింది.

సోమయాజులు గారు రెండే అధ్యాయాలు చదివారు. నవలలో తాయారమ్మకు పెట్టిన పేరు మందాకిని. మొదటిదానిలో మందాకిని ఉయ్యాల తాడు వదిలి, దూరంగా వినిపించే హార్మోనియం వెంట రైలుకట్ట దాకా నడిచి వెళ్తుంది. రెండోదానిలో తిరిగి వస్తుంది. ఏడాది దాటిన పిల్ల తల్లిని చూసి ఏడ్చి, మేనత్త వెనక దాక్కుంటుంది. చదువుతున్నంతసేపూ భ్రమరాంబ తలెత్తలేదు. తన వాక్యాలు తనకే ఎంతో బాగున్నట్టు అనిపించాయి. ఆ సంగతి తలచుకుని తరవాత చాలా సిగ్గుపడింది.

చదవడం అయిపోగానే ఆడవాళ్ళు మందాకిని మీద పడ్డారు. ఎదురింటి వరహాలమ్మ గారికైతే ఆవేశం ఆగలేదు. పాలు తాగే పిల్లను వదిలి పాట వెంట పోయినదానికి మళ్ళీ గడప తొక్కడానికి మొహమెలా వచ్చిందని అడిగారు. మరొకావిడ ఆ పిల్ల దాక్కోవడమే సరైన శిక్ష అంది.

"అలా కాదు..." అంది తాయారమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. పీట మీద కర్ర ఆగింది. చెప్పబోయేది పెదవుల దాకా వచ్చిందని భ్రమరాంబకు స్పష్టంగా కనిపించింది. పెద్దమ్మ గుర్తుపట్టేసిందని ఆ క్షణంలోనే ఆమెకు తెలిసింది.

"మీకు తెలుసేవిటి వదినగారూ ఆవిడ?" అన్నారు వరహాలమ్మ గారు.

తాయారమ్మ పిండి ఉండను చేత్తో కాసేపు నొక్కింది. "నాకెలా తెలుస్తుంది? కథే కదా," అంది. వరహాలమ్మ గారు ఊరుకునే రకం కాదు. పెద్దవారు, మీరేమంటారో చెప్పండని పట్టుబట్టారు. అప్పుడు తాయారమ్మ అందరికీ వినిపించేట్టు, "అలాంటిదాన్ని ఏమంటాం? అది తల్లే కాదు," అని, మళ్ళీ కర్ర అందుకుంది. తన వంతు ఉండలన్నీ అయ్యేదాకా లేవలేదు. ఒక్క అప్పడం కూడా వంకర పోలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో తాయారమ్మే ముందు మాట్లాడింది. ఎవరు రాశారో గానీ కళ్ళకు కట్టినట్టు రాశారంది. రాసింది తనేనని పెద్దమ్మకు తెలుసో లేదో ఆ మొహం చూసి భ్రమరాంబ పోల్చుకోలేకపోయింది. ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, కాఫీ కలిపి ఇస్తూ ఎలాగో ధైర్యం చేసింది.

"పెద్దమ్మా, నువ్వు అక్కడ అలా కాదన్నావు. మరెలాగ?"

"ఏదో వాగాను లేవే. కాఫీలో పంచదార తక్కువైంది," అంది తాయారమ్మ.

ఇన్నేళ్ళలో ఏ రోజు అడిగినా బహుశా చెప్పి ఉండేది. ఎవరో ఒకరు అడిగితే బాగుండునని ఎదురుచూసి కూడా ఉండవచ్చు. ఇప్పుడు పదిమందిలో తన మీద తానే తీర్పు చెప్పేసుకుంది. ఆ తరవాత ఏ మొహంతో చెబుతుంది? హార్మోనిస్టు నిజమో కాదో భ్రమరాంబకు ఇక ఎన్నటికీ తెలియదు. పంచదార తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళి, డబ్బా మూత పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చింది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి గురువుగారి దగ్గరకు వెళ్ళింది. పత్రికకు వద్దని ఉత్తరం రాసేశానంది. సోమయాజులు గారు మెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆవిణ్ణి పిలిపించడం నా తప్పేనమ్మా అన్నారు. ఆయన తప్పు ఒప్పుకోవడం భ్రమరాంబ ఎన్నడూ చూడలేదు. దానితో ఆమెకు దుఃఖం ఇంకా ఎక్కువైంది. కాస్తయినా ఊరట దొరుకుతుందేమోనని, ఎంతైనా పేర్లు మార్చడం మేలైంది కదండీ, అంతమందిలో పెద్దమ్మ పరువు దక్కింది కదా అని అడిగింది.

సోమయాజులు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"నీ పుస్తకంలో ఆవిడ పేరు ఆవిడకే ఉండి ఉంటే," అన్నారు, "'నేను అలా చెయ్యలేదు' అని ఒక్క మాటైనా అనగలిగేదమ్మా."