ఏటి నడుమ చెలమ

మఠంలో శిష్యుడైన ఓబులేసుకు ఆ సంగతి కొరుకుడు పడలేదు. ఎండిన ఏటికి ఈవలి గట్టున ఒక పాలెగాడి దండు, ఆవలి గట్టున ఇంకొక పాలెగాడి దండు. పొద్దెక్కితే ఒకరినొకరు నరుక్కుంటారు. తెలతెలవారుతుండగా మాత్రం రెండు దండుల బంట్లూ కత్తులు గట్టున పెట్టి, ఏటి నడుమ ఇసుకలో తవ్విన ఒకే చెలమ దగ్గరికి కుండలతో వస్తారు. రమ్మని ఏ పాలెగాడూ చెప్పలేదు. తెలిస్తే ఇద్దరూ ఊరుకోరు.

ఆవేళ అతను పొదచాటున నిలబడి విన్నాడు.

"నిన్న నీ బాణం నా తలపాగా ఎత్తుకుపోయింది. తెచ్చియ్యి బావా," అన్నాడు ఈవలి బంటు.

"తలకాయ వదిలిపెట్టింది కదా, సంతోషించు," అని ఆవలివాడు అతని చేతిలో వక్క ముక్క పెట్టాడు.

ఓబులేసుకు నవ్వు రాలేదు. ఈవలి దండులో బంటైన అతని అన్న పోయిన నెలలో ఆవలివాళ్ళ చేతిలోనే చచ్చాడు. మఠానికి వచ్చి గురువు నిర్వాణయ్యకు అంతా చెప్పాడు. రేపు ఆ పొదల్లో మనుషుల్ని కూర్చోబెట్టమని ఈవలి పాలెగాడి కోటలో చెప్పి వస్తానన్నాడు. దాహానికి వచ్చిన పగవాణ్ణి పట్టిస్తే పాపమా అని అడిగాడు.

"ముందు నీళ్ళు పట్టుకురా," అన్నాడు నిర్వాణయ్య.

ఓబులేసు వెళ్ళేసరికి చెలమ దగ్గర ఎవరూ లేరు. ఎవరో మురికినీళ్ళు తోడిపోసి వెళ్ళారు. కొత్త ఊట తేటగా నిలిచి ఉంది. పశువులు తొక్కకుండా పైన ముళ్ళకంప కప్పారు. అతను కంప లాగి పడేసి, కడవ నింపుకుని గబగబా వచ్చాడు.

గురువు కడవ ఎత్తి అతని దోసిట్లో పోశాడు. ఓబులేసు కడుపునిండా తాగాడు.

"ఏ గట్టువాళ్ళు తేర్చి పెట్టిన నీళ్ళురా ఇవి?"

ఓబులేసు తడి చేతులకేసి చూసుకున్నాడు. తెలియదన్నాడు.

"కంప మళ్ళీ కప్పావా?"

కప్పలేదన్నాడు.

"కోటకు పోయే ముందు అది కప్పి పో."

ఓబులేసు ఏట్లోకి దిగాడు. ఏ దండుదో, ఒక బరువుల ఎద్దు చెలమలో కాళ్ళు దించి నిలబడి ఉంది. నీళ్ళన్నీ బురద. దాన్ని అదిలించి, మోకాళ్ళ మీద కూర్చుని బురద తోడిపోశాడు. ఊట తేటపడేదాకా కదలలేదు. కంప కప్పి లేచేసరికి గట్ల మీద కేకలు మొదలయ్యాయి.

రేపు ఈ నీళ్ళు ముందు ఎవరు ముంచుకుంటారో అనుకుంటూ, అతను మఠం దారి పట్టాడు.