పేరిందేవి ముద్దమందారం

ఎప్పటి మాటో చెప్పలేం గానీ, కొండకూ ఏటికీ నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పేరిందేవి ఒంటరిగా బతికేది. ఆమె భర్త పోలన జ్వరం వచ్చి పోయాడు. పోయే ముందు పెరట్లో ముద్దమందారం కొమ్మ ఒకటి నాటాడు. అది చిగిర్చింది, పూసింది. చూడటానికి ఆయన లేడు.

ఆ మొక్కే ఆమెకు తోడు. పొద్దున్నే నీళ్ళు పోస్తూ, "ఇవాళ పులుసులో ఉప్పెక్కువైందయ్యా" అనేది. ఆకు కదిలితే ఆయన విన్నాడనుకునేది.

ఒకనాడు పక్కింటి కొత్తకోడలు గౌరి వచ్చింది.

"అత్తా, పూజకు ఒక్క పువ్వు ఇస్తావా?"

"ఇవ్వను. ఇవి ఆయన పూలు."

గౌరి తలవంచుకుని వెళ్ళిపోయింది.

మరోనాడు పేరిందేవి అన్నగారు వచ్చాడు. "కొమ్మలు కత్తిరించమ్మా. ఇలా వదిలేస్తే మొక్క చెడుతుంది."

"ఆయన చెయ్యి తగిలిన మొక్క అన్నయ్యా! కత్తి పెట్టనిస్తానా?"

అన్నగారు చిన్నబుచ్చుకున్నాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మందారం ఇంటికప్పు దాటి పోయింది. కింద ఆకు లేదు, సన్నటి మాను తప్ప. పూలు చెయ్యందని ఎత్తున పూసి, సాయంత్రానికి ముడుచుకుని రాలేవి. ఆ వాకిట్లో మనిషి మాటే వినబడేది కాదు.

ఒక మధ్యాహ్నం గాలివాన కొట్టింది. తెరిపిచ్చాక పేరిందేవి తలుపు తీసి చూసింది. మందారం మోకాలెత్తున విరిగిపడి ఉంది. ఒక మేక దాని ఆకులు నములుతోంది.

పేరిందేవి కర్ర ఎత్తింది. మేక పారిపోలేదు, నోరు విప్పింది.

"విరిచింది గాలి తల్లీ. తిన్నది మాత్రం నేనే, ఆకలేసింది. కొడితే కొట్టు. కానీ వేరు బతికే ఉంది."

కర్ర జారిపోయింది. పోలన పోయిననాడు కూడా ఏడవని పేరిందేవి ఆ బురదలో కూలబడి గొల్లుమంది. ఆ ఏడుపు విని గౌరి పరుగెత్తుకొచ్చింది. ఆమె పక్కనే కూర్చుంది.

మర్నాడు పేరిందేవి తన చేత్తోనే విరిగిన మానును నున్నగా కోసింది. విరిగిన కొమ్మలు నాటుకోమని అడిగినవాళ్ళకల్లా ఇచ్చింది. నిజం చెప్పిన మేకను ఇంట్లోనే ఉంచుకుంది. కొన్నాళ్ళకు మోడు చుట్టూ ఎర్రటి చిగుళ్ళు లేచాయి. మరుసటి ఏడు మందారం నడుమెత్తున గుబురుగా విరగబూసింది.

ఆయన లేని వెలితి పోలేదు. పొద్దు వాలితే మనసు బరువెక్కేది. అయినా తెల్లారేసరికి పూలకోసం ఎవరో ఒకరు తలుపు తట్టేవారు, ఆమె లేచేది.

పోయినవారి గుర్తును తాకకుండా దాచుకోవడం కాదు, దాన్ని నలుగురి మధ్య పెరగనివ్వడమే ప్రేమ.