సమ్మెటలు ఆగిన మధ్యాహ్నం

మస్తానయ్యకు కొంతకాలంగా కంటిమీద కునుకు లేదు.

ఊరి చివర, ఉప్పుకయ్యల పక్కన అతనికి ఒక ఇనప షెడ్డు ఉంది. ఎర్రగా కాలిన కడ్డీలను గాలితో నడిచే పెద్ద సమ్మెటల కింద సాగగొట్టి, రైలు డబ్బాలకు కొక్కేలు చేస్తారక్కడ. ఆ కొక్కేలు కొనే పెద్ద కంపెనీవాళ్లు ఈ మధ్య కొత్త షరతు పెట్టారు. ఒక్కో కొక్కేనికి ఎంత నూనె, ఎంత కరెంటు కాలుతోందో లెక్క చూస్తారట. వచ్చే ఏడాదికల్లా అది బాగా తగ్గకపోతే ఆర్డరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఆర్డరు పోతే షెడ్డుకు తాళం పడినట్టే.

మస్తానయ్య చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. పొగ చిమ్మే నూనె కొలిమిని పీకించి కరెంటు కొలిమి పెట్టించాడు. పాత మోటార్లు తీసేసి, తక్కువ కరెంటు తాగే కొత్తవి బిగించాడు. కప్పు మీద సోలార్ పలకలు పరిపించాడు. అంతటితో ఆగినా బాగుండేది. గేటు దగ్గర ఆకుపచ్చ ఫ్లెక్సీ కట్టించి, దాని మీద తను చేతులు జోడించి నవ్వుతున్న ఫొటో వేయించాడు. ఫొటో వెనక ఉదయిస్తున్న సూర్యుడు. ఇద్దరిలో ఎవరి వెలుగు ఎక్కువన్నది దారిన పోయేవాళ్లే తేల్చుకోవాలి.

మీటరు మాత్రం ఫ్లెక్సీని లెక్కచేయలేదు. మోటార్లు, పలకలు వచ్చాక కొంచెం దిగి, తర్వాత అక్కడే మొండికేసింది.

చివరికి అతను దర్గాకు వెళ్లాడు. బిడ్డ దక్కితే అక్కడ సమాధైన మస్తాన్ పేరు పెట్టుకుంటానని తల్లి మొక్కుకున్న చోటు అది. అక్కడుండే ముసలి ఫకీరు నూరుల్లా షా అతనికి చిన్నప్పటినుంచీ గురువు. షా సాహెబు ఎప్పుడూ నిద్రలో ఉన్నట్టే ఉండేవాడు. నిద్రపోతున్నాడు కదా అని పక్కన ఎవరైనా గొణుక్కుంటే దానికి జవాబిచ్చేవాడు. మేలుకున్నాడు కదా అని అడిగితే గురక వినిపించేది.

మస్తానయ్య తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. కొన్న సరుకుల పేర్లన్నీ ఏకరువు పెట్టాడు. తన ఎదుగుదల చూడలేక ఎవరో దిష్టి పెట్టారనీ, ఒక తాయెత్తు ఇస్తే షెడ్డు గుమ్మానికి కట్టుకుంటాననీ అన్నాడు. షా సాహెబు కళ్లు తెరవకుండానే, రేపు మధ్యాహ్నం మీ షెడ్డుకొచ్చి కాసేపు కూర్చుంటానన్నాడు.

అన్నట్టుగానే వచ్చాడు. ఆ వేళకు సమ్మెటలన్నీ జోరు మీదున్నాయి. ఆ మోతలో ఎదురుగా నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. పనివాళ్లంతా చెవుల్లో దూది పెట్టుకుని సైగలతోనే రోజు గడిపేస్తారు. షా సాహెబు ఒక బోర్లించిన పెట్టె మీద కూర్చుని, కాసేపు చుట్టూ చూసి, ఆపమన్నట్టుగా అరచెయ్యి మెల్లగా కిందికి దించాడు.

పని మధ్యలో సమ్మెట ఆపడం అక్కడ ఎవరూ ఎరగరు. కాల్చిన ఇనుము చల్లారిపోతే మళ్లీ కాల్చాలి, అదంతా దండగ కరెంటు. సెలవురోజున ఆపితే, సమ్మెటలకు గాలి నొక్కి పంపే గాలి మిషన్‌తో సహా అన్నీ ఒకేసారి ఆపి తాళం వేసుకుపోతారు. అయినా గురువు మాట కాదనలేక మస్తానయ్య సమ్మెటలు ఆపించాడు. మూలనున్న గాలి మిషన్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఒక్కొక్క సమ్మెటే ఆగింది. చివరిది కూడా ఆగాక షెడ్డు మరో చోటులా అయిపోయింది. కప్పు సందుల్లోంచి దిగిన ఎండ చారల్లో ఇనప దుమ్ము తీరుబడిగా తేలుతోంది. కడ్డీల ఎరుపు మెల్లగా వంగపండు రంగుకు తిరుగుతోంది. పనివాళ్లు చెవుల్లో దూది తీసి, కొత్తగా పరిచయమైనవాళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు. ఉప్పుకయ్యల మీద ఏదో పిట్ట కూసింది. ఆ కూత షెడ్డు లోపలికి రావడం అదే మొదలు. మస్తానయ్యకు ఎంత హాయిగా అనిపించిందంటే, నిలబడ్డవాడికే నిద్ర ముంచుకొచ్చింది.

అప్పుడు వినిపించింది. దూరంగా తాటాకుల మీద వాన మొదలైనట్టు, సన్నగా, అన్నివైపుల నుంచీ ఒకటే సవ్వడి. కాసేపటికి మూలనున్న గాలి మిషన్ తనంతట తనే గుర్రుమని లేచి, కాసేపు తిరిగి, ఆగింది. మళ్లీ లేచింది.

షా సాహెబు తల వంచి విన్నాడు. "ఎవురూ పని చెయ్యటంలా గదా మస్తానూ. అది ఎవురి కోసం పరిగెత్తతా ఉండాది?"

మస్తానయ్యకు నిద్రమత్తు వదిలిపోయింది. గొట్టంలో గాలి తగ్గితేనే లేచే మిషన్ అది, అంటే గాలి ఎక్కడో కారిపోతోంది. గాలి గొట్టం వెంబడి చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల అతుకులు వదులయ్యాయి. అది పెద్ద నష్టం కాదు. కానీ ప్రతి సమ్మెట దగ్గరా, మనిషి మెడ ఎత్తులో, గొట్టానికి గుండ్రంగా ఒక బెజ్జం ఉంది. అది తుప్పు తిన్న బెజ్జం కాదు. ఎవరో కావాలని, శ్రద్ధగా వేసినది. అందులోంచి గాలి రివ్వున కొడుతోంది.

మొదటి సమ్మెట పెంచలయ్యది. మస్తానయ్య తండ్రి కాలంనుంచీ అక్కడే పనిచేస్తున్న మనిషి. ఈ పని ఎవరిదని అడిగితే అతను దాచలేదు.

"నేనే ఏసినా సార్. వేడికి తట్టుకోలేక. నన్ను చూసి మిగతావోళ్లు ఏసుకున్నారు."

మస్తానయ్యకు ఒళ్లు మండిపోయింది. తను కప్పు మీద సూర్యుణ్ణి పట్టి తెస్తుంటే కింద వీళ్లు బెజ్జాలు పెట్టి పారబోస్తున్నారన్నాడు. గాలిని ఆ గొట్టంలోకి నొక్కడానికి ఎంత కరెంటు కావాలో తెలుసా అన్నాడు. ఈ బెజ్జాల్లో పోయే కరెంటుతో షెడ్డంతా ఫ్యాన్లు తిప్పొచ్చన్నాడు. రేపటినుంచి పనిలోకి రావద్దని పెంచలయ్యతో తేల్చి చెప్పేశాడు.

పెంచలయ్య నడుముకు కట్టుకున్న తోలు గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టాడు. చెమటకు తడిసి బిగుసుకుపోయిన ముడి ఒక పట్టాన రాలేదు. ఆ వయసులో అతనికి ఇంకెక్కడా పని దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు. మస్తానయ్యకూ తెలుసు.

షా సాహెబు లేచి వచ్చి ముడి తనే విప్పాడు. ఆ తోలు గుడ్డను మస్తానయ్య నడుముకు, బడికి పోయే పిల్లాడికి కట్టినంత ఓపికగా కట్టాడు. భుజాలు పట్టుకుని పెంచలయ్య నిలబడే చోట నిలబెట్టాడు. చేతికి పటకారు ఇచ్చి, కొలిమి దగ్గరివాడికి సైగ చేశాడు. ఎర్రటి కడ్డీ ఒకటి వచ్చి మస్తానయ్య పటకారులో పడింది. షా సాహెబు బొటనవేలితో గొట్టం మీది బెజ్జం మూసి పట్టుకుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు.

కొలిమి కొత్తది. పొగ లేదు, మసి లేదు. ఇనుము ఎరుపు మాత్రం పాతదే. వేడి ముందు ముఖానికి తగిలింది, తర్వాత చొక్కాలోకి దిగింది, ఆ తర్వాత ఊపిరిలోకి వచ్చింది. వెనక్కి జరుగుదామంటే చేతిలో కడ్డీ ఉంది. మస్తానయ్య గురువు వైపు చూశాడు. గురువు నిద్రపోతున్నట్టే ఉన్నాడు, వేలు మాత్రం సడలలేదు. కప్పూ గోడలూ కలలో లాగా ఎర్రగా ఊగుతున్నాయి. అందులో పెంచలయ్య ముఖం ఒక్కటే కదలకుండా ఉంది. కనురెప్పల మీద వెంట్రుకలు లేవు. బుగ్గల మీద చర్మం కమిలి నల్లబడిపోయింది. పుట్టినప్పటినుంచీ ఎరిగిన ముఖమే, ఇంతవరకూ ఎన్నడూ చూడలేదని మస్తానయ్యకు తోచింది. సిగ్గేసింది.

షా సాహెబు వేలు తీశాడు.

మెడ మీదికి సన్నగా, చల్లగా గాలి వచ్చింది. మస్తానయ్య కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"ఇప్పుడు చెప్పు బిడ్డా," అన్నాడు షా సాహెబు. "ఈ గాలి దండగ పోతా ఉందా?"

మస్తానయ్య కళ్లు తెరిచాడు. తర్వాత పటకారు కింద పెట్టి, తోలు గుడ్డ విప్పి పెంచలయ్య చేతికిచ్చాడు.

"ఫ్యాన్లు తెప్పిస్తా పెంచలన్నా. ఏడేడ పెట్టాల్నో నువ్వే చూపీ," అన్నాడు. "అవి వచ్చిందాకా ఆ బెజ్జాలు ఎవురూ ముయ్యబాకండి."