ఇత్తడి గిన్నె

విహారికి కాలు ఒకచోట నిలవదు. గురువుల విషయంలోనూ అంతే. ఒకాయన దగ్గర శ్వాస మీద ధ్యాస పెట్టడం నేర్చాడు, ఇంకొకాయన దగ్గర మౌనం పట్టాడు, ఒక అమ్మగారి దగ్గర భజనలు చేశాడు. ఎవరి బోధ ఎలా ఉంటుందో అడిగితే చక్కగా విడమరిచి చెప్పేవాడు. పడుకుంటే మాత్రం గుండెల్లో అదే గుబులు. వెళ్ళినప్పుడు ఎంత ఖాళీయో, వచ్చినప్పుడూ అంతే ఖాళీ.

చివరికి దుర్గేశం గారి దగ్గర చేరాడు. ఆయన ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు మాస్టారు. అన్నేళ్ళు పిల్లల్ని పరుగెత్తించి, ఇప్పుడు వచ్చినవాళ్ళకు కదలకుండా కూర్చోవడం నేర్పుతున్నారు. ఏడాది తిరక్కుండానే విహారికి అదీ విసుగు పుట్టింది. హృషీకేశ్‌లో ఎవరో గొప్ప స్వామి ఉన్నారని విన్నాడు. సాయంత్రం రైలుకు టికెట్టు తీసి, సంచి సర్ది కారులో పెట్టుకుని, గురువుగారిని సెలవు అడగడానికి వచ్చాడు.

"పో బిడ్డా, నేనొద్దంటనా?" అన్నారు దుర్గేశం గారు. "ఉత్త కడుపుతోని మాత్రం పోకు. నువ్వు చేసే పని నేనెన్నడు చూడలే. అదొకటి చూపెట్టి పో."

విహారి పని వైన్ రుచి చూడటం. పెద్ద హోటలు వాళ్ళు ఏ సీసా కొనాలో, ఏది తిప్పి పంపాలో అతని నాలుకే తేల్చాలి. గురువును అలాంటి చోటుకు తీసుకెళ్ళడమా అని తటపటాయించాడు. ఆయనకు ఆ బెంగేమీ లేదు. తన దగ్గర చదువుకున్న ఆగ్నెస్ అనే అమ్మాయి శామీర్‌పేట దారిలో భోజనమూ వైనూ దొరికే ఒక చిన్న బిస్ట్రో పెట్టిందనీ, ఎన్నాళ్ళనుంచో భోజనానికి రమ్మంటోందనీ చెప్పి, చెప్పులు తొడుక్కుని తానే ముందు కారెక్కారు.

సందు చివర జాలీ వెనకనుంచి సీసాలు అందించే వైన్స్ కొట్టులాంటిది కాదది. పాత పెంకుటింటిని బాగుచేసి వేసిన నాలుగు బల్లలు, కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ. ఆగ్నెస్ మాస్టారిని చూసి పొంగిపోయింది. విహారి పనేమిటో తెలిశాక ఆ వారం తెరిచిన సీసాలన్నీ తెచ్చి అతని ముందు పెట్టింది. ఉమ్మడానికి ఒక ఇత్తడి గిన్నె కూడా పెట్టింది.

విహారి గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, గుక్కెడు నోట్లో ఆడించి గిన్నెలో ఉమ్మాడు. నేరేడుపండు, కాస్త పొగ, తడిసిన మట్టి అన్నాడు. రెండోదాంట్లో జామపండు పట్టుకున్నాడు. మూడోది నోట్లో ఉండగానే కళ్ళు నాలుగో సీసా మీదికి పోయాయి. మధ్యమధ్య గడియారం చూసుకుంటున్నాడు, కాలు ఊపుతున్నాడు. అతని పళ్ళెంలో కోడి రోస్టు ముట్టకుండానే చల్లారిపోయింది. మింగవేమని గురువుగారు అడిగితే, మింగుతూ పోతే తరవాతి సీసా రుచి తెలియదనీ, పైగా స్టేషను దాకా కారు నడపాలనీ చెప్పాడు.

గురువుగారి ముందు ఒకటే గ్లాసు. ఏది పొయ్యమంటారని ఆగ్నెస్ అడిగితే, దగ్గర ఏదుంటే అది పొయ్యమన్నారు. దాన్నే కొంచెం కొంచెంగా తాగుతూ, రొట్టెముక్కను గ్రేవీలో అద్దుకుంటూ, పళ్ళెం కడిగినట్టు తిన్నారు. ఆ నింపాదితనం చూస్తుంటే విహారికి ఒళ్ళు మండింది.

చివరి సీసా కూడా అయ్యాక అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఇంతమంది పెద్దల దగ్గర కూర్చున్నాను. అందరి రుచీ నాకు తెలుసు. ఒక్కటీ నాలో ఎందుకు నిలవలేదు?"

పోబోయే చోటా ఇంతేనేమో అన్న భయం అతనికి మొదటిసారి పుట్టింది.

దుర్గేశం గారు మూతి తుడుచుకున్నారు. అతనివైపు చూడలేదు. ఇత్తడి గిన్నెను తన ముందుకు జరుపుకుని, పెళ్ళికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు దాని మీదికి వంగారు.

"ఎట్లున్నయే ఆగ్నెస్ తెచ్చిన సీసాలు? నువ్వే చెప్పాలె. కడుపుల పడ్డది నీకే గద."

ఆగ్నెస్ నవ్వబోయి, విహారి ముఖం చూసి ఆగిపోయింది. గిన్నె సగానికి పైగా నిండి ఉంది. దాని మీద ఒక ఈగ తిరుగుతోంది.

విహారి చాలాసేపు ఆ గిన్నెనే చూశాడు. ఊగుతున్న కాలు ఎప్పుడు ఆగిందో అతనికే తెలియదు. తరవాత చేతికందిన సీసా తీసుకున్నాడు. దాని పేరు చూడలేదు. గ్లాసులో పోసుకుని, తిప్పకుండా, వాసన చూడకుండా ఒక గుక్క తాగాడు. అది గొంతు దిగేదాకా కళ్ళు మూసుకున్నాడు.

ఎలా ఉందని ఆగ్నెస్ అడిగింది. అతను జేబులోంచి కారు తాళాలు తీసి ఆమె చేతికిచ్చి, బండిని రేపటిదాకా ఇక్కడే ఉండనిమ్మన్నాడు. చల్లారిన పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

గురువుగారు రొట్టెల బుట్టను అతనివైపు జరిపారు.

"నిమ్మళంగ తిను బిడ్డా. మనం వాపస్ పొయ్యే బస్సుకు ఇంక శాన టైమున్నది."