గుల్లచేప జానెడు నేల

శిష్యులెవరైనా వచ్చి ఇది తప్పా ఒప్పా అని అడిగితే సింహాద్రి మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. విజయనగరంలో చాలా ఏళ్లు జంతుశాస్త్రం బోధించి రిటైరైన మనిషి ఆయన. ఆయన దగ్గరే చదువుకుని, అదే ఊళ్లో ఇంకో కాలేజీలో లెక్చరర్ అయిన సుభాషిణికి ఆ అలవాటు తెలియనిది కాదు. అయినా ఆ ఆదివారం పొద్దున్న గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగేసింది.

"మాస్టారూ, మనిషికి గర్వం ఉండటం తప్పా?"

ఆ ప్రశ్న వెనక ఆమె కష్టం చాలా ఉంది. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు అడుగున, ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే చిన్న చేపలున్నాయి. గుడ్లు పెట్టడం, పిల్లల్ని సాకడం అన్నీ ఆ గుల్లల్లోనే. సుభాషిణి వాటిని తెచ్చి ఇంట్లో గాజు తొట్టిలో వేసింది. కుళాయి నీళ్లు పడక మొదట తెచ్చినవన్నీ చచ్చిపోయాయి. వాటికి సున్నం ఎక్కువున్న నీరు కావాలమ్మా అని మాస్టారు చెప్పాక, భీమిలి ఒడ్డున ఆల్చిప్పలు ఏరి తెచ్చి, దంచి, వడపోత డబ్బాలో వేసింది. పొలం కాలవల్లో దొరికిన నత్తగుల్లల్ని ఉడకబెట్టి, తోమి, ఇసుకలో పరిచి, మళ్లీ చేపల్ని తెచ్చి వేసింది. చాలాకాలానికి ఒక గుల్ల నోట్లోంచి కనురెప్ప వెంట్రుకంత పిల్లలు తొంగిచూశాయి. ఆ పూట పొయ్యి మీద పాలు పొంగి మాడిపోతున్నా ఆమె తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు.

ఇప్పుడు ఆ చేపల్ని కాలేజీ ప్రదర్శనలో పెట్టమన్నారు. బోర్డు మీద డిపార్ట్‌మెంటు పేరు, దాని కింద హెడ్డుగారి పేరు రాయించారు. తన పేరు లేదేమండీ అని ఆమె అడిగింది. అంతే, స్టాఫ్‌రూములో అందరూ హితవు చెప్పడం మొదలుపెట్టారు. పేరు కోసం ఈ పాకులాట ఏమిటన్నారు. ఇంత గర్వం పనికిరాదన్నారు. రెండు రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

మాస్టారు అంతా విన్నారు. "నా తొట్టి అద్దానికి పాచి పట్టింది," అన్నారు. "ఆ మధ్యలో ఉన్న గుల్ల కాస్త పక్కకి జరిపి, తుడిచి పెట్టమ్మా."

ఆయన తొట్టిలోవి సుభాషిణి ఇచ్చిన పిల్లలే, పెరిగి పెద్దవయ్యాయి. ఆమె కొంగు దోపి నీళ్లలో చెయ్యి పెట్టింది. పెట్టిందో లేదో, గుల్లలోంచి సగం వేలంత ఆడచేప బయటికి దూసుకొచ్చి, రెక్కలు విప్పి వేలి కొసను కొరికింది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు గానీ సుభాషిణి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. అది మళ్లీ వచ్చింది. చివరికి ఎలాగో గుల్ల జరిపి, అద్దం తుడిచి, పక్కన కూర్చుంది.

చుట్టూ ఖాళీ గుల్లలు ఎన్నో ఉన్నాయి. ఆ చేప ఒక్కదాని వంకా చూడలేదు. తన గుల్ల చుట్టూ తిరిగి, నోటితో ఇసుక తీసి దూరంగా ఉమ్మడం మొదలుపెట్టింది. గుల్ల కొద్దికొద్దిగా ఇసుకలోకి దిగి, మునుపటిలా నోరు పైకి తిరిగింది. చూస్తూ కూర్చున్న ఇద్దరి టీలూ చల్లారిపోయాయి. అంతలో తనకు రెట్టింపున్న మగచేప ఒకటి అటు రాబోతే, దాన్ని జానెడు దూరం తరిమి, టక్కున ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంకాస్త తరమొచ్చు కదా మాస్టారూ. అది భయపడింది కూడాను."

"అక్కణ్ణుంచి తనది కాదు," అన్నారు మాస్టారు. "తనదైన చోట మాత్రం నీ చెయ్యి ఎంత పెద్దదో చూడలేదు."

ప్రదర్శన రోజున సుభాషిణి బోర్డు జోలికి పోలేదు. తొట్టి పక్కన నిలబడింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దావిడ అద్దం మీదికి వంగి, వీటిని ఎవరు పెంచారని అడిగింది. హెడ్డుగారు, మా డిపార్ట్‌మెంటు కృషి అండీ అన్నారు.

"పెంచింది నేనండీ. నా పేరు సుభాషిణి," అంది ఆమె. "ఈ తొట్టి, దీపాలు కాలేజీవి. ఇక్కడ పెట్టడానికి అనుమతి తెచ్చింది హెడ్డుగారు. నీళ్ల సంగతి చెప్పింది మా గురువుగారు, సింహాద్రి మాస్టారు."

హెడ్డుగారు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత, "అవునండీ, ఆవిడే," అని పక్కకు తప్పుకున్నారు. అతిథి అడుగుతూనే ఉంది, సుభాషిణి చెబుతూనే ఉంది. చుట్టూ జనం మూగారు. ఇంత హాయిగా, ఇంత నిటారుగా ఆమె ఆ కాలేజీలో ఎన్నడూ నిలబడలేదు.

సాయంత్రం తిన్నగా మాస్టారింటికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ముఖంలో సంతోషం దాగలేదు.

"నా పేరు చెప్పిన గొంతుతోనే నీ పేరూ చెప్పావా?"

"అదే గొంతు, మాస్టారూ."

"అయితే గర్వం తప్పా అన్న ప్రశ్న ఇంక నన్నడగకమ్మా," అన్నారాయన.