మొదటి మాట

అదాల్గర్‌కు ఆ చలికాలమంతా ఒకటే తలనొప్పి. దాని పేరు హతుమార్.

హతుమార్ సాక్సన్ జాతివాడు, క్రైస్తవుడు కాదు. యుద్ధంలో పట్టుబడితే ఫ్రాంకుల సైన్యం తెచ్చి ఈ మఠంలో అప్పగించింది. విశ్వాస ప్రమాణం లాటిన్‌లో తప్పు లేకుండా అప్పజెప్పాలి. అప్పజెబితే బాప్తిస్మం, లేకపోతే కత్తి. నేర్పే బాధ్యత మఠంలో పాఠాలు చెప్పే యువ సన్యాసి అదాల్గర్‌ది. రేపు ఉదయం ప్రార్థన కాగానే ఆ సైన్యపు దళపతి వచ్చి వింటాడు.

ఫ్రాంకుల రాజు అలాంటివాడు మరి. ఒక చేత్తో ఊళ్ళు తగలబెట్టించేవాడు, ఇంకో చేత్తో మఠం మఠానికీ బడి పెట్టించేవాడు. రెండూ దేవుడి పనే అనుకునేవాడు.

అదాల్గర్ ఆ బడుల్లో తయారైన మేలురకం సరుకు. ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. ప్రార్థన చెబుతూ ఎవరు తడబడినా, ఎంత పెద్దవాడైనా, వెంటనే ఉన్నచోటే మోకరించాలి. అలా అదాల్గర్ మోకరించడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆ సంగతి అతను మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు కూడా.

మధ్యాహ్నం గురువు వినిగిస్ దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన కిటికీ పక్కన కూర్చుని కీర్తనల గ్రంథానికి నకలు రాస్తున్నారు. కుడిచేతిలో ఈక కలం, ఎడమచేతిలో చిన్న కత్తి. అక్కడి లేఖకులందరూ అలాగే రాస్తారు. తోలు పుట పైకి లేవకుండా కత్తిమొనతో అదిమిపెడతారు, తప్పు పడితే దాంతోనే గీకేస్తారు.

"వాడికి రాక కాదు గురువుగారూ," అన్నాడు అదాల్గర్. "కొట్టంలో పేడ ఎత్తుతూ మొత్తం గొణుక్కుంటాడు, నేను విన్నాను. కత్తి పట్టుకున్నవాడు గుమ్మంలో కనబడితే చాలు, మొదటి మాట దగ్గరే ఆగిపోతాడు. ఒట్టి మొండితనం."

ఆ మొదటి మాటకు అర్థం 'నమ్ముతున్నాను' అని.

"ఎందుకు ఆగిపోతున్నాడో అడిగావా?"

"అడిగానండీ. కిందటేడు వాళ్ళ ఊరివాళ్ళను బాప్తిస్మానికి ఏట్లోకి దింపినప్పుడు వీడి అన్నయ్య ఆ మాట దగ్గరే తడబడ్డాడట. నీళ్ళలోనే నరికేశారట. వీడు పొదల్లోంచి చూశాడట. అంత చూసినవాడు ఇంకా శ్రద్ధగా నేర్చుకోవద్దూ?"

సిరా అయిపోయిందని ఎలా చెబుతాడో, ఇదీ అలాగే చెప్పాడు.

గురువు కలం ఆగిపోయింది. అదాల్గర్ అది గమనించలేదు. గమనించకపోగా, మెచ్చుకోలుగా ఇంకో మాట కూడా అన్నాడు.

"మీ రెండు చేతులూ చూస్తుంటే నాకు మన రాజుగారే గుర్తొస్తారు. కలమూ ఉండాలి, కత్తీ ఉండాలి."

వినిగిస్ కలం పక్కన పెట్టారు. కత్తి మాత్రం పెట్టలేదు. లేచి వచ్చి దాని మొన శిష్యుడి గొంతుకు ఆనించారు.

"నువ్వు చెప్పు నాయనా. వింటాను."

అదాల్గర్ నవ్వాడు. కత్తి కదల్లేదు. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే నుదుట తడిగుడ్డ వేసిన చెయ్యి అది. ఆయన కళ్ళలోకి చూశాడు. అక్కడ వేళాకోళం ఏమీ లేదు. మొన ఇంకాస్త గుచ్చుకుంది. మెడ మీద వెచ్చగా ఏదో జారింది.

నోరు తెరిచాడు. మొదటి మాట సగం వచ్చింది.

ఆ తర్వాత ఏమిటి? నిద్రలో లేపి అడిగినా చెప్పగల మాటలు. ఒక్కటీ రాలేదు. ఎంత వెతుక్కున్నా లోపల ఆ కత్తి తప్ప ఇంకేమీ లేదు. దేవుడు కూడా లేడు. అది తెలిసేసరికి అతనికి కత్తిని చూసినప్పటి కంటే ఎక్కువ భయం వేసింది.

"తర్వాత?" అన్నారు గురువు.

అదాల్గర్ మోకాళ్ళు వాటంతట అవే వంగాయి.

వినిగిస్ కత్తి తుడిచి బల్ల మీద పెట్టి, మళ్ళీ కలం అందుకున్నారు. ఆ పూట ఆయన ఇంకొక్క అక్షరం రాయలేకపోయారు.

మర్నాడు ప్రార్థన కాగానే దళపతి గెర్వోల్డ్ వచ్చాడు. సన్యాసులంతా వరసల్లో నిలబడి ఉన్నారు. హతుమార్‌ను మధ్యలో నిలబెట్టారు. వాడు ఒకసారి అదాల్గర్ వైపు చూశాడు. గొంతు మీద ఎర్రటి మచ్చ దగ్గర వాడి చూపు ఆగింది.

"కానివ్వు," అన్నాడు దళపతి, కత్తి దూసి పట్టుకుని.

హతుమార్ నోరు తెరిచాడు. మొదటి మాట సగం వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

దళపతి ముందుకు కదిలాడు.

రాతినేల మీద మోకాళ్ళు తగిలిన చప్పుడు వినబడింది. వరసలోంచి బయటికొచ్చిన అదాల్గర్, సరిగ్గా కత్తికీ హతుమార్‌కీ మధ్య మోకరించి ఉన్నాడు. సన్యాసులు తమ కళ్ళను తామే నమ్మలేకపోయారు.

"తడబడింది వాడు," అన్నాడు దళపతి. "నువ్వెందుకయ్యా?"

"నేర్పింది నేనండీ. తప్పుగా నేర్పాను."

దళపతికి ఏం చెయ్యాలో తోచలేదు. సాక్సన్‌ను నరకమని ఆజ్ఞ ఉంది. బడిపంతులును నరకమని లేదు. వినిగిస్ వైపు తిరిగాడు.

"ఇదేం పద్ధతి స్వామీ? చలికాలమంతా ఇచ్చాం. ఇంకా పాఠం పూర్తి కాలేదా?"

"లేదండీ. పాఠం పూర్తి కాకుండా పరీక్ష పెట్టమని రాజుగారు ఎక్కడా అనలేదు."

నిజమే, అనలేదు. బడుల విషయంలో ఆ రాజు ఎంత పట్టుదల మనిషో దళపతికి తెలుసు. మొహం గంటు పెట్టుకునే కత్తి ఒరలో పెట్టాడు.

"పోనీ, ఎప్పటికి పూర్తవుతుంది?"

వినిగిస్ నేల మీదున్న శిష్యుడి వైపు చూశారు.

"ఎలా చెప్పను? ఈ అబ్బాయి నిన్ననే మొదలుపెట్టాడు."